సైకిలెక్కి తుని దాకా... వెనక బండి ఉంటే బెంగెందుకు?

"విశాఖపట్నం నుంచి తునికి సైకిలు మీదా? అదీ ఆడవాళ్ళా?" అని ముక్కున వేలేసుకోకండి. దూరం దాదాపు నూరు కిలోమీటర్లు. రైల్లో కిటికీ పక్కన కూర్చుని పల్లీలు నములుతూ మనం దాటేసే దారే. ఆ దారినే జట్టుగా సైకిళ్ళ మీద, రోజుకు ఇంత అని లెక్క పెట్టుకుని వెళ్ళేవాళ్ళున్నారు. వాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారు.

2025 మార్చిలో సి.ఐ.ఎస్.ఎఫ్. జవాన్లు రెండు జట్లుగా దేశపు తీరం వెంబడి సైకిళ్ళు తొక్కారు. ఒక జట్టు గుజరాత్‌లోని లఖ్‌పత్ నుంచి, మరొకటి పశ్చిమ బెంగాల్‌లోని బక్ఖాలి నుంచి బయల్దేరి కన్యాకుమారి చేరాయి. రెండు దారులూ కలిపి 6,553 కిలోమీటర్లు. తొక్కిన 125 మందిలో 14 మంది మహిళలు. తూర్పు జట్టు మన కోస్తా మీదుగానే సాగింది.

"వాళ్ళంటే శిక్షణ పొందినవాళ్ళు, మన సంగతేమిటి?" అంటారా? తమిళనాడులోని పుదుక్కోట జిల్లాలో 1991లో అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా పల్లెటూరి ఆడవాళ్ళు వేలాదిగా సైకిలు నేర్చుకున్నారు. అప్పటి కలెక్టర్ షీలా రాణి చుంకత్ వెన్నుదన్నుగా నిలిచారు. పొలం కూలీలు, రాళ్ళు కొట్టేవాళ్ళు, పిల్లల తల్లులు కూడా నేర్చుకున్నారు. కాబట్టి కాళ్ళలో సత్తువ లేక కాదు, వెనక అండ లేకే మనం ఆగిపోతున్నాం.

ఆ రోజు ఎలా గడుస్తుంది?

డిసెంబరు, జనవరి నెలలు ఇందుకు అనువైనవి. ఎండ మెత్తగా ఉంటుంది. ఈశాన్యపు గాలి వీస్తే విశాఖ నుంచి తుని వైపు వెళ్ళేవాళ్ళకు వెనక నుంచి తోస్తున్నట్టుంటుంది.

తెల్లవారుజామున నాలుగింటికి లేవాలి. మనకది కొత్తా? రెండు ఇడ్లీ, ఒక అరటిపండు తిని, హెల్మెట్ పెట్టుకుని, సైకిలు వెనక ఎర్రలైటు వేసుకుని ఐదింటికల్లా రోడ్డెక్కాలి. పాత వాళ్ళు ఐదో నంబరు జాతీయ రహదారి అనేది ఇప్పుడు పదహారో నంబరు. లారీల రోడ్డు కాబట్టి అందరూ ఎడమ అంచున ఒకరి వెనక ఒకరు సాగాలి. ముందున్నవాళ్ళు గుంత కనిపిస్తే చెయ్యి చూపించి చెబుతారు. అందరికంటే వెనక అనుభవం ఉన్న మనిషి ఒకరు ఉంటారు. జట్టు నెమ్మదిగా తొక్కేవాళ్ళ కోసం ఆగుతుందే గాని వాళ్ళను వదిలి పోదు.

ఏడున్నర, ఎనిమిది మధ్య అనకాపల్లి. బెల్లానికి పేరు మోసిన ఊరు. ఓ ముక్క నోట్లో వేసుకుంటే ఆ వేళకది మందులా పనిచేస్తుంది. తర్వాత యలమంచిలి, నక్కపల్లి. పాయకరావుపేట దాటి తాండవ నది వంతెన ఎక్కితే అవతల ఒడ్డే తుని. గంటకు పదహారు, పదిహేడు కిలోమీటర్ల చొప్పున తొక్కి, మధ్యమధ్య ఆగినా మధ్యాహ్నం ఒంటిగంటకు చేరొచ్చు. స్నానం, భోజనం, కాసేపు కునుకు. సాయంత్రం ఓపికుంటే వ్యానులో లోవ వెళ్ళి తలుపులమ్మ తల్లిని దర్శించుకోవచ్చు. మర్నాడు అన్నవరం మీదుగా రాజమండ్రి దారి.

వెనక వచ్చే వ్యాను

ఇలాంటి యాత్రకు ప్రాణం వ్యానే. బట్టల సంచులు అందులోనే. మంచినీళ్ళు, పళ్ళు, మందులపెట్టె, గాలి పంపు, ట్యూబులు, చెయ్యి తిరిగిన మెకానిక్ కూడా అందులోనే. పంక్చరైనా, పిక్క పట్టేసినా నడిరోడ్డు మీద దిక్కులు చూడక్కర్లేదు. ఇక తొక్కలేననిపిస్తే వ్యానెక్కేయొచ్చు. అందులో నామోషీ ఏమీ లేదు.

డబ్బు కట్టేముందు నిర్వాహకుల్ని నిలదీసి అడగండి: రోజుకెంత దూరం? మెకానిక్ ఉంటాడా? ప్రథమ చికిత్స తెలిసినవాళ్ళెవరు? జట్టులో ఇంకా ఎందరు ఆడవాళ్ళు? రాత్రి బస ఎక్కడ? దారిలో మరుగుదొడ్డి ఎక్కడెక్కడ?

ఈ చివరి ప్రశ్న అడగటానికి మొహమాటపడి చాలామంది నీళ్ళు తాగటం మానేస్తారు. అది ప్రమాదం. వడదెబ్బ తగులుతుంది, మూత్రంలో మంట వస్తుంది. గంటకు అరలీటరుకు తగ్గకుండా కొంచెం కొంచెంగా తాగాలి. ఉప్పేసిన మజ్జిగ, నిమ్మరసం మంచివి. ప్రతి పాతిక కిలోమీటర్లకు శుభ్రమైన మరుగుదొడ్డి ఉన్న పెట్రోలు బంకు దగ్గర ఆగేలా ముందే ఏర్పాటు చేయించుకోండి. నెలసరి రోజులైతే వ్యానులో మీ సంచి చేతికందేలా పెట్టించుకోండి.

ముందు సాధన

వారానికి మూడు రోజులు ఐదేసి కిలోమీటర్లతో మొదలుపెట్టి, ఆదివారాలు దూరం పెంచుకుంటూ పొండి. మూడు నాలుగు నెలలకు ఒక్కరోజులో అరవై, డెబ్భై కిలోమీటర్లు తొక్కగలిగితే మీరు సిద్ధమైనట్టే. పెడల్ కిందికి వెళ్ళినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగేలా సీటు ఎత్తు సరిచేయించుకోండి. చీర, చున్నీ చైనులో పడతాయి, వద్దు. బి.పి., గుండె జబ్బు, షుగరు, మోకాళ్ళ నొప్పులు ఉన్నవాళ్ళు డాక్టర్ని అడిగాకే దిగాలి.

మరి ఇంటి సంగతి?

అసలు చిక్కు ఇక్కడే. ఆయన క్యాంపుకు వెళ్తే సంచి సర్దేది మనం. పిల్లలు పరీక్షలకు కూర్చుంటే పాలగ్లాసుతో మేలుకునేది మనం. ఇన్నేళ్ళూ ఇంటిల్లిపాది వెనకా వచ్చిన వ్యాను మనమే కదా! ఒక నాలుగు రోజులు ఇంట్లోవాళ్ళు మనకు వ్యానైతే తప్పేముంది?

నాలుగు రోజుల కూరలు వండి ఫ్రిజ్‌లో సర్ది, సగం ఓపిక అక్కడే ఖర్చు చేసుకుని బయల్దేరకండి. నెల ముందు నుంచే వారానికొక పూట వంట ఆయనకో, పెద్దపిల్లలకో అప్పగించండి. మొదట పప్పు మాడుతుంది, మాడనివ్వండి. పాలవాడు, పనిమనిషి, అత్తగారి మందుల వేళలు కాగితం మీద రాసి వంటింటి తలుపుకి అంటించండి. "నేను లేకపోతే ఇల్లు ఆగిపోతుంది" అన్న బెంగ ఆ నెలలోనే సగం తీరుతుంది.

దారికి చిరుతిండి: నువ్వుల ఉండలు

నువ్వులు ఒక కప్పు, వేరుశెనగ గుళ్ళు ఒక కప్పు, తురిమిన బెల్లం ఒక కప్పు, ఏలకులు నాలుగు, ఉప్పు చిటికెడు.

నువ్వులు, వేరుశెనగ గుళ్ళు విడివిడిగా దోరగా వేయించి, చల్లారాక గుళ్ళ పొట్టు తీసేయండి. రెండూ కలిపి కచ్చాపచ్చాగా దంచి, బెల్లం, ఏలకుల పొడి, ఉప్పు వేసి మళ్ళీ దంచితే నూనె ఊరి ముద్దవుతుంది. నిమ్మకాయంత ఉండలు చుట్టి డబ్బాలో పెట్టుకోండి. గంటకొకటి తింటే నీరసం రాదు. ఇంట్లో ఉండేవాళ్ళకూ ఒక డబ్బా ఉంచండి. వాళ్ళకూ నాలుగు రోజుల డ్యూటీ ఉంది మరి!