వనజీవి రామయ్య గారిని తలచుకుంటూ



"డాక్టరు గారూ, మా నాన్నను ఇంటిపట్టున కూర్చోమని మీరైనా చెప్పండి." ఓపీలో ఈ మాట మేము తరచుగా వింటుంటాము. తండ్రి తెల్లవారకముందే చేనికి పోతారు, పొద్దెక్కినా రారు. కొడుకు భయం కొడుకుది. పక్కన బల్ల మీద కూర్చున్న పెద్దాయన మాత్రం ఆ మాట తనది కానట్టు ఎటో చూస్తుంటారు.

ఈ మాట విన్నప్పుడల్లా మాకు దరిపల్లి రామయ్య గారు గుర్తుకు వస్తారు. వనజీవి రామయ్య అంటే మన ఖమ్మం జిల్లాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. 2025 ఏప్రిల్ 12, శనివారం, ఖమ్మం రూరల్ మండలం రెడ్డిపల్లిలోని తన ఇంట్లోనే గుండెపోటుతో ఆయన కన్నుమూశారు. అప్పటికి 87 ఏళ్లని పత్రికలు రాశాయి.

మొక్కలు నాటడం ఆయనకు పదవి కాదు, జీతం కాదు. వేసవిలో చెట్ల కింద రాలిన విత్తనాలు ఏరి, సంచులకెత్తి ఇంట్లో దాచుకునేవారు. వేప, కానుగ, రావి, నిద్రగన్నేరు, ఏది దొరికితే అది. తొలకరి పడగానే సంచి, మొక్కలు సైకిలుకు కట్టుకుని బయలుదేరేవారు. కాలువ గట్లు, రోడ్డు పక్కలు, బడి ఆవరణలు, గుడి ఆవరణలు, ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడ నాటేవారు. పారేసిన రేకు ముక్కల మీద చెట్ల గురించి రంగుతో రాసి బోర్డులు కట్టేవారు. మెడలో కూడా అలాంటి బోర్డే. మొదట్లో జనం పిచ్చివాడన్నారు. 2017లో రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ గారి చేతుల మీదుగా పద్మశ్రీ అందుకున్నాక ఆ మాట అనేవారు తగ్గిపోయారు. కోటికి పైగా మొక్కలు నాటారని పేరు. అంత ఎవరు లెక్కపెట్టారండీ అని అడిగేవారూ ఉన్నారు. ఆ లెక్కతో మాకు పని లేదు. ఆ నీడన నడిచినవారికి కూడా ఉండదు.

మేము చెప్పదలచుకున్నది ఆ ఇంటి గురించి. మూడెకరాల పొలం అమ్మి విత్తనాలకు, మొక్కలకు ఖర్చు పెట్టిన మనిషితో కాపురం చేయడం ఎంత కష్టమో ఇల్లు నడిపే అమ్మలకు వేరే చెప్పనక్కరలేదు. భార్య జానమ్మ గారు ఆయనను ఆపలేదు సరికదా, తానూ వెంట నడిచారు, నాటారు, నీళ్లు పోశారు. మనవలకు, మనవరాళ్లకు కూడా చెట్ల పేర్లు, పూల పేర్లు పెట్టుకున్న కుటుంబం అది. ఎనభై దాటినా ఆ పెద్దాయన పొద్దున్నే లేచి పనికి పోయారంటే, ఆ పనిని ఇంటిల్లిపాదీ తమదిగా చూసుకోవడం వల్లనే అని మా అభిప్రాయం.

అయితే ఆ కొడుకు భయమూ తీసిపారేసేది కాదు. 2022లో రామయ్య గారు రోడ్డు దాటుతుండగా ద్విచక్రవాహనం ఢీకొని గాయపడ్డారు. ఆయనను ఖమ్మం ప్రభుత్వ ఆసుపత్రిలో చేర్చారు. కేసు వద్దు, ఆ బండి నడిపిన అబ్బాయి చేత వంద మొక్కలు నాటించండి అని మంచం మీద నుంచే అడిగారు. ఆ మాట విని అందరం మెచ్చుకున్నాము. కానీ ఆ వయసులో పడితే తుంటి ఎముక విరగడం ఎంత తేలికో, అలా మంచాన పడినవారిలో కొందరు మళ్లీ లేచి నడవలేరన్న సంగతీ మేము వార్డులో చూస్తుంటాము.

అందుకని ఆ కొడుకుతో మేము చెప్పేది ఇది. నాన్నగారిని పని మానిపించకండి, పని వేళ మార్చండి. ఎండాకాలం పది గంటల లోపు ఇంటికి చేరాలి. నీళ్ల సీసా వెంట ఉండాలి. తెల్లచొక్కానో, చీకట్లో కనిపించే రంగుదో వేసుకోవాలి. రోడ్డు దాటే చోట మనవడో మనవరాలో చెయ్యి పట్టుకుంటే ఆయనకేమీ చిన్నతనం కాదు. చూపు మసకబారితే కంటి శుక్లం పరీక్ష చేయించండి. బీపీ మాత్ర తగ్గిందనిపించగానే మానేయడం చాలామంది చేసే పొరపాటు. బీపీ తగ్గింది ఆ మాత్ర వల్లనే.

గుండెపోటు విషయంలో ఒక సంగతి ప్రత్యేకంగా గుర్తుంచుకోండి. పెద్దవయసువారిలో, షుగరు ఉన్నవారిలో ఛాతీనొప్పి రాకుండానే గుండెపోటు రావచ్చు. ఉన్నట్టుండి ఆయాసం, ఒళ్లంతా చెమట, వాంతి వచ్చినట్లుండడం, దవడలోనో ఎడమ చేతిలోనో లాగుడు, ఎన్నడూ లేని నీరసం, వీటిలో ఏది కనిపించినా గ్యాసు అనుకుని సోడా తాగించి పడుకోబెట్టకండి. తెల్లవారనివ్వమని ఆగకండి. వెంటనే 108కి ఫోను చేయండి. నడిపించకుండా కూర్చోబెట్టండి, వాడే మందుల చీటీ వెంట తెండి.

మధిర నుంచి ఖమ్మం వెళ్లేవారు వీలైతే ఒకసారి రెడ్డిపల్లి వైపు కాలువ గట్టున నడిచి రండి. ఆయన తొలిరోజుల్లో నాటిన చెట్లు ఆ గట్ల వెంట నాలుగు కిలోమీటర్ల మేర ఉండేవని చెబుతారు. ఇంట్లో పెద్దాయన ఉంటే వెంట తీసుకువెళ్లండి. దారిలో రాలిన గింజలు కనిపిస్తే ఏరుకోనివ్వండి. తొందరపెట్టకండి.