మీకు తెలుసా? జబ్బు లేని రోగి మార్కులు వేస్తాడు!

ఒంట్లో ఏ నలతా లేకుండానే మూలిగి, తనను పరీక్షించిన వైద్య విద్యార్థి పనితీరును చివర్లో తానే అంచనా వేసే రోగులున్నారు. ఇది వాళ్ల ఉద్యోగం.

1963లో లాస్ ఏంజెలెస్‌లోని సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో నరాల వైద్యుడు హోవార్డ్ బారోస్ దీనికి శ్రీకారం చుట్టారు. చిత్రకారులకు మోడల్‌గా ఉండే ఒక మహిళకు మల్టిపుల్ స్క్లెరోసిస్ లక్షణాలు నేర్పి, కాళ్లు చచ్చుబడిన ‘ప్యాటీ డగ్గర్’ పాత్రలో విద్యార్థుల ముందు ఉంచారు. వైద్య కళాశాలలోకి హాలీవుడ్ చొరబడిందని పత్రికలు వెటకారం చేశాయి. ఊరే హాలీవుడ్‌ది, ఆమాత్రం అనకుండా ఉంటారా!

ఆ వెటకారమే ఓడిపోయింది. 2004 నుంచి అమెరికా వైద్య లైసెన్సు పొందాలంటే ఇలాంటి ఉత్తుత్తి రోగులను వరసగా చూసే పరీక్షలో నెగ్గాల్సి వచ్చింది. ఒక్కొక్కరికి 15 నిమిషాలే గడువు. అయిదు కేంద్రాలూ అమెరికాలోనే ఉండటంతో, అక్కడ స్థిరపడాలనుకున్న మన తెలుగు వైద్యులకు పరీక్ష ఫీజుకు తోడు విమాన ఛార్జీల మోత!

కోవిడ్ వల్ల 2020లో ఆగిన ఆ పరీక్షను 2021లో పూర్తిగా ఎత్తేశారు. వైద్య కళాశాలల్లో మాత్రం ఈ నటులకు ఇప్పటికీ పని ఉంది.