పలక నుంచి లాప్‌టాప్ దాకా: పాఠశాలలో మరమ్మతు విద్య

ఉపోద్ఘాతం:
పశ్చిమ ప్రకాశంలోని మార్కాపురం పలకలకు ప్రసిద్ధి. తెలుగు పిల్లలు ఓనమాలు దిద్దిన రాతిపలకలు ఎన్నో ఈ నేల పొరల నుంచే వచ్చాయి. పలక చట్రం ఊడితే ఇంట్లోనే మేకు కొట్టి బిగించుకొనేవారు. నేటి పరికరాలకు ఆ సౌలభ్యం లేదు. 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం గ్రామీణ విద్యార్థులకు లాప్‌టాప్ ఆధారిత బోధనను పరిచయం చేసింది. 2022 డిసెంబరు 21న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 8వ తరగతి విద్యార్థులకు ట్యాబ్‌ల పంపిణీ ప్రారంభించింది. త్రిపురాంతకం వంటి మండలంలో పరికరం చెడిపోతే మార్కాపురమో వినుకొండో పోవలసి వస్తుంది. ఈ నేపథ్యంలో విద్యార్థులే నడిపే మరమ్మతు కేంద్రం అనే భావన పరిశీలించదగినది.

పూర్వానుభవాలు:
‘ఒక బిడ్డకు ఒక లాప్‌టాప్’ పథకం కింద నైజీరియాలోని ఒక పాఠశాలలో పిల్లలే ‘లాప్‌టాప్ ఆసుపత్రి’ నడిపారు. ఆ యంత్రాన్ని సాధారణ స్క్రూడ్రైవరుతో విప్పగలిగేలా రూపొందించడమే దానికి వీలు కల్పించింది. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రపు పెన్ మేనర్ ఉన్నత పాఠశాల 2014లో 1,700కు పైగా లాప్‌టాప్‌లను లినక్స్‌తో విద్యార్థులకిచ్చి, వాటి సహాయ కేంద్రాన్ని శిక్షణ పొందిన విద్యార్థులకే అప్పగించింది.

మరమ్మతు క్రమం:
మొదట పరికరం సంఖ్యను, లోపాన్ని దస్త్రంలో నమోదు చేయాలి. తరువాత లోపం సాఫ్ట్‌వేర్‌దా, హార్డ్‌వేర్‌దా అని తేల్చాలి. పెన్‌డ్రైవ్ ద్వారా మరో ఆపరేటింగ్ సిస్టమ్‌తో యంత్రం చక్కగా నడిస్తే, లోపం చాలావరకు సాఫ్ట్‌వేర్‌దో హార్డ్ డిస్క్‌దో అయి ఉంటుంది. ఎండ, దుమ్ము అధికమైన ఈ ప్రాంతంలో ఫ్యాన్ శుభ్రపరచడం ముఖ్యమైన పని. కీబోర్డు, ర్యామ్, హార్డ్ డిస్క్ మార్చడం శిక్షణతో సాధ్యమే. జిగురుతో అతికించిన ట్యాబ్‌లను విప్పడం కష్టం; హామీ గడువులో విప్పితే ఆ హామీయే పోవచ్చు. ఉబ్బిన లిథియం బ్యాటరీని విద్యార్థులు తాకరాదు. దానిని ఉపాధ్యాయుని పర్యవేక్షణలో నిపుణులకు అప్పగించాలి. యజమాని సమాచారాన్ని తెరిచి చూడరాదన్న నియమమూ అంతే ముఖ్యం.

పరిమితులు:
ఈ ప్రాంతం చరిత్ర ఒక హెచ్చరిక చేస్తుంది. మార్కాపురం పలకల పరిశ్రమలో బాలకార్మికుల సమస్య తీవ్రంగా ఉండడం వల్లనే 1988లో మొదలైన జాతీయ బాలకార్మిక ప్రాజెక్టు తొలి దశలో ఈ ప్రాంతానికి చోటు దక్కింది. అక్షరాలు దిద్దే పలకను తయారు చేసిన పిల్లలే బడికి దూరమయ్యారు. కనుక మరమ్మతు కేంద్రం పాఠశాల ఖర్చు తగ్గించే చవక శ్రమగా మారరాదు. పని వేళలకు పరిమితి, వంతులవారీ బాధ్యత, బాలికలకు సమాన అవకాశం, నేర్చిన నైపుణ్యానికి ధ్రువపత్రం ఉండాలి.

ముగింపు:
చెడిన యంత్రాన్ని విప్పి కారణం వెతికే విద్యార్థి భౌతికశాస్త్ర పాఠాన్ని చేతితో చదువుతాడు. విడిభాగాలకు కొద్దిపాటి నిధి, ఒక శిక్షిత ఉపాధ్యాయుడు, తాళం వేయగల ఒక గది ఉంటే ఈ ప్రయత్నం మొదలుపెట్టవచ్చు. ఎన్ని యంత్రాలు బాగుపడ్డాయన్నదానితోపాటు, ఎందరు విద్యార్థులు లోపాన్ని స్వయంగా గుర్తించగలిగారన్నది కూడా దాని ఫలితానికి కొలమానం కావాలి.