చెప్పుకోరాని బాధ

సిరిసిల్లలో మా మేనమామ మనుమరాలి పెళ్ళి. ముహూర్తం రాత్రి పదకొండు దాటిన తరువాత. మామకు రెండు రోజులనుండి జలుబు చేసి ముక్కు దిబ్బడ వేసిందని ఎవరో మందుల దుకాణంలో అడిగి బిళ్ళలు తెచ్చి ఇచ్చారు. తొమ్మిది గంటలకు పందిట్లో అందరినీ పలకరిస్తూ తిరిగిన మనిషి తలంబ్రాలవేళకు కనిపించలేదు. వెదకగా వెదకగా పెరట్లో స్నానాలగది గోడకు చేయి ఆన్చి నిలబడి ఉన్నాడు. ముఖం నిండా చెమటలు.

"ఏమైంది మామా?"

"ఏం లేదు అల్లుడా. నువ్వు పో. పెండ్లికాడ ఉండు."

నేను కదలలేదు. కాసేపటికి తలవంచుకొని అన్నాడు: "ఒంటికి వస్తలేదు. పొద్దూకినప్పటిసంది వస్తలేదు."

ఆడవాళ్ళ చెవిని పడనే పడింది. ఒకరు బార్లీనీళ్ళు, ఒకరు సబ్జానీళ్ళు, మరొకరు మజ్జిగ. పాపం, ప్రేమతో పోసినవే. కాని మూతి బిగిసిన కుండలో ఇంకా నీళ్ళు పోసినట్టయింది. రాత్రి రెండు గంటలకు దవఖానలో ఒక చిన్నవయసు డాక్టరుగారు మూత్రనాళంలోనుండి సన్నని రబ్బరు గొట్టం పంపగానే లీటరుకు పైగా మూత్రం సంచీలోకి దిగింది. మామ కళ్ళు మూసుకొని, "దేవుడా" అని, అట్లాగే నిద్రపోయాడు.

డాక్టరుగారు నావైపు తిరిగి, ఎన్నాళ్ళనుండి ఇబ్బంది ఉన్నదని అడిగారు. నాకేమి తెలుసు? తెల్లవారిన తరువాత మామ చెప్పాడు. మూడేండ్లనుండి. అత్తకు కూడా చెప్పలేదు.

ఆ జలుబు బిళ్ళ సంగతి కూడా అప్పుడే తెలిసింది. ముక్కు దిబ్బడ తగ్గించే కొన్ని మందులు ముక్కులోని రక్తనాళాలను బిగిస్తాయి. అవే మందులు మూత్రాశయం మూతిదగ్గర కండరాన్నీ బిగిస్తాయి. దారి సరిగా ఉన్నవాడికి ఆ బిగింపు తెలియనైనా తెలియదు. సగం మూసుకొన్న దారిగలవాడికి అది చివరి తలుపు వేసినట్టే. అరవై దాటినవారు జలుబుకు మందు కొనేటప్పుడు ఈ సంగతి దుకాణదారుతో ఒక్కమాట అనడం మంచిది.

ఇంతకూ ఆ దారిని మూసేది ఏమిటి? మూత్రాశయం కింద, మూత్రనాళాన్ని చుట్టుకొని, వయసులో ఉన్నవాడికి సుమారు 20 గ్రాముల బరువుండే గ్రంథి ఒకటి ఉన్నది. ఇంగ్లీషులో ప్రోస్టేట్ అంటారు. వీర్యంలోని ద్రవంలో కొంతభాగాన్ని తయారుచేయడం దాని పని. నలభై దాటిన తరువాత అది మెల్లగా పెరగడం మొదలుపెడుతుంది. అరవై ఏళ్ళ మగవారిలో సుమారు సగంమందికి ఈ పెరుగుదల ఉంటుంది. ఎనభై దాటినవారిలో లేనివారే తక్కువ. ఇది పుండు కాదు, క్యాన్సరు కాదు, క్యాన్సరుగా మారేదీ కాదు. కాని రెండూ ఒకే గ్రంథిలో, ఒకే వయసులో వస్తాయి కనుక, క్యాన్సరు లేదని రూఢి చేసుకొన్న తరువాతనే డాక్టర్లు దీనికి వైద్యం మొదలుపెడతారు.

తెలుగు పాఠాలు చెప్పుకొనేవాణ్ణి కనుక ఒక్కమాట చెప్పకుండా ఉండలేను. ప్రోస్టేట్ అన్నది గ్రీకు మాట; ముందు నిలబడేవాడు, కావలివాడు అని అర్థం. మనవాళ్ళు దానికి 'పౌరుష గ్రంథి' అని పేరు పెట్టారు. పెట్టిన మహానుభావులు ఎవరోగాని, రోగుల నోరు మూయించారు. పౌరుషాన్ని కోసి తీసేస్తారేమోనన్న భయంతో ఎందరు దవఖాన మెట్లు ఎక్కడం మానేశారో! సుశ్రుతుడు మూత్రం బిగుసుకొనే జబ్బులు పన్నెండింటిని చెబుతూ, మలద్వారానికీ మూత్రాశయానికీ నడుమ గులకరాయివలె గట్టిపడే గడ్డను 'వాతాష్ఠీల' అన్నాడు. ఆ మాట పలకడం కష్టమేగాని అందులో ఎవరి మగతనం ప్రసక్తీ లేదు.

మామ ఒకప్పుడు సిరిసిల్లలో సాంచాలమీద కార్మికుడు, తరువాత ఎనిమిది సాంచాల ఆసామి. సాంచా ముందు నిలబడ్డవాడికి పోగు తెగితే అతకడమే ధ్యాస. ఒంటికి వచ్చినా ఆపుకోవడం అలవాటు. మూడేండ్లక్రితం ధార సన్నబడింది. నిలబడి చాలాసేపు ఎదురుచూడవలసి వచ్చేది. రాత్రి నాలుగైదుసార్లు లేచేవాడు. హైదరాబాదు బస్సెక్కవలసిన రోజున పొద్దుటినుండి నీళ్ళు తాగేవాడు కాదు. "ముసలితనం అన్నంక గిట్లనే ఉంటది" అనుకొన్నాడు. అసలు ప్రమాదం అక్కడే ఉన్నది. దారి ఇరుకైనకొద్దీ మూత్రాశయం మరింత బలంగా నెట్టవలసి వస్తుంది. కొన్నాళ్ళకు దాని కండరం మందమెక్కి, మరికొన్నాళ్ళకు సత్తువ ఉడిగి సాగిపోతుంది. లోపల నిలువ ఉన్న మూత్రంలో చీము పుడుతుంది, రాళ్ళు కడతాయి. ఆ ఒత్తిడి పైకి తన్ని మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. సత్తువ ఉడిగిన మూత్రాశయానికి ఆ తరువాత ఎంత మంచి ఆపరేషను చేసినా పూర్వపు బలం రాకపోవచ్చు.

ఈ మౌనం మన ఊళ్ళదే అనుకోకండి. 2024 జనవరిలో బ్రిటన్ రాజు చార్లెస్ తన ప్రోస్టేటు పెరిగిందనీ, చికిత్సకు ఆస్పత్రికి వెళుతున్నాననీ లోకానికి ప్రకటించాడు. రాజులు ఇట్లాంటివి చెప్పుకోవడం ఆనవాయితీ కాదు. ఆ మాట బయటికి రాగానే ఆ దేశంలో ఈ జబ్బునుగూర్చి వెదికేవారి సంఖ్య ఒక్కసారిగా పెరిగిపోయింది. అన్ని చదువులు చదివిన దేశంలోనే అంతమంది లోలోపల దాచుకొని ఉన్నారన్నమాట.

అందరికీ ఆపరేషను కావాలా? అక్కరలేదు. జగిత్యాలలో నాకు పాఠం చెప్పిన మాస్టారు ఒకరున్నారు. డెబ్బైయేళ్ళు. ఆయనచేత డాక్టరు ఏడు ప్రశ్నల కాగితం ఒకటి నింపించాడు. ధార ఆగి ఆగి వస్తున్నదా, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు, ఇట్లాంటివే. ప్రతి ప్రశ్నకూ అయిదు మార్కులు, మొత్తం 35. ఏడులోపు వస్తే తేలిక, 20 దాటితే తీవ్రం. "జీవితమంతా మార్కులు వేసి, చివరికి నా మూత్రానికి మార్కులు వేయించుకొన్నానోయ్" అని మాస్టారు నవ్వారు. ఆయనకు పదకొండు వచ్చాయి. మూత్రపరీక్ష, రక్తంలో పి.ఎస్.ఎ. పరీక్ష, పొట్టకు స్కానింగు, ధార వేగం కొలత అయ్యాయి. రాత్రి టీ మానిపించి, టామ్సులోసిన్ బిళ్ళ రోజుకొకటి ఇచ్చారు. అది బిగిసిన కండరాన్ని వదులుచేస్తుంది. కొద్దిరోజుల్లోనే గుణం కనిపిస్తుంది. మంచంమీదినుండి చటుక్కున లేస్తే కళ్ళు తిరగవచ్చు. కంటిశుక్లం ఆపరేషను చేయించుకొనేవారు ఈ బిళ్ళ వాడుతున్నామని కంటిడాక్టరుకు ముందే చెప్పితీరాలి. గ్రంథి బాగా పెద్దదైనవారికి దాన్ని కుదించే ఫినాస్టెరైడ్ జాతి మందులు ఇస్తారు. అవి పనిచేయడానికి ఆరునెలలు పడుతుంది. మాస్టారికి వాటి అవసరం రాలేదు.

మామ సంగతి వేరు. వారంరోజులు బిళ్ళ మింగించి గొట్టం తీసి చూశారు. సాయంత్రానికి మళ్ళీ బిగిసింది. మళ్ళీ గొట్టం. స్కానింగులో గ్రంథి 90 గ్రాములున్నది. ఆపరేషను అనగానే మామ, "పొట్ట కోపిచ్చుకోను" అని మొండికేశాడు.

ఆయన భయానికి పూర్వకాలంలో అర్థమున్నది. మన దేశంలో ఇండియన్ మెడికల్ సర్వీసులో ఇరవైయేళ్ళు పనిచేసి వెళ్ళిన పీటర్ ఫ్రేయర్ అనే సర్జన్, 1900లో లండనులో పొత్తికడుపు కోసి, మూత్రాశయంలోనుండి వేలు పోనిచ్చి గ్రంథిని పెకలించే పద్ధతికి పేరుతెచ్చాడు. ఆ రోజుల్లో అది ప్రాణాలమీదికి వచ్చే పని. కాని 1930ల నాటికే మూత్రనాళంలోనుండి దుర్భిణిగొట్టం పంపి, విద్యుత్తు తీగెతో గ్రంథిని లోపల్లోపలే ముక్కలుగా తరిగి తీసే సాధనం వచ్చింది. దాన్నే టి.యు.ఆర్.పి. అంటారు. పొట్టమీద గీటు పడదు. నేటికీ తక్కిన పద్ధతులన్నిటినీ దీనితోనే పోల్చి చూస్తారు. అందుచేత గోడలమీద 'కోత లేదు, కుట్టు లేదు' అన్న ప్రకటనలు చూసి అదేదో నిన్న పుట్టిన వింత అనుకోనవసరం లేదు.

పెద్దగ్రంథులకు హోల్మియం లేజరు పద్ధతి వచ్చింది. న్యూజిలాండులో పీటర్ గిల్లింగ్ అనే వైద్యుడు 1990లలో దీన్ని తీర్చిదిద్దాడు. నారింజ తొక్కలోనుండి తొనలు ఒలిచినట్టు గ్రంథి లోపలిభాగాన్ని ఒలిచి, మూత్రాశయంలోకి నెట్టి, అక్కడ నలగగొట్టి పీల్చేస్తారు. ఎంత పెద్ద గ్రంథికైనా పనికివస్తుంది, రక్తస్రావం తక్కువ, మళ్ళీ పెరగడం అరుదు. చేయి తిరిగిన డాక్టరు దొరకాలి, అంతే. మామకూ మొదట దీన్నే చెప్పారు. చిక్కేమిటంటే అప్పటికి నాలుగునెలలక్రితమే ఆయన గుండెలో స్టెంటు వేశారు. రక్తం గడ్డకట్టకుండా రెండురకాల మందులు వాడుతున్నాడు. వాటిని ఆపితే గుండెకు గండం, ఆపకుండా ఆపరేషను చేస్తే రక్తస్రావం భయం, పైగా మత్తుమందు.

అప్పుడు హైదరాబాదులో డాక్టరు మరొక దారి చెప్పారు. గ్రంథికి రక్తం తెచ్చే సన్నని ధమనులను మూసివేయడం. మణికట్టు దగ్గరగాని, గజ్జలోగాని ధమనిలోకి సన్నని తీగెగొట్టం ఎక్కించి, ఎక్సురే తెరమీద చూస్తూ ప్రోస్టేటుదాకా తీసుకుపోయి, ఇసుకరేణువులకంటే చిన్నవైన పూసలను వదులుతారు. నీరు కట్టేసిన మడి ఎండినట్టు, రక్తం అందక గ్రంథి కొన్ని వారాలమీద కుదించుకొంటుంది. ఇది సర్జను పని కాదు. ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు చేస్తాడు. చర్మానికి మాత్రమే మత్తు సూది. రోగి మెలకువగానే ఉంటాడు. ఈ ఉపాయం దొరికిన తీరు కూడా చిత్రమే. 2000లో అమెరికాలో ఒక రోగికి ప్రోస్టేటునుండి ఆగని రక్తస్రావాన్ని ఆపడానికి ధమని మూస్తే, గ్రంథి కూడా చిక్కిపోయినట్టు కనిపించింది. తరువాత బ్రెజిలులో, పోర్చుగలులో దీన్ని చికిత్సగా పెంచారు.

డాక్టరు దాపరికం లేకుండా చెప్పారు. గుణం వెంటనే కనిపించదు. ధార పెరగడంలో ఇది తరిగి తీసేదానికి సాటి రాదు. షుగరు, చుట్టలు, ముసలితనం కలిసి ధమనులు గట్టిపడ్డవారికి గొట్టం లోపలికి పోకపోవచ్చు. రంగుమందు ఎక్కిస్తారు కనుక మూత్రపిండాలు బాగుండాలి. కొందరికి కొన్నేళ్ళకు మళ్ళీ వేరే ఆపరేషను కావలసివస్తుంది. అంతా విని మామ, "గుండె మందులు ఆపకుండ చేస్తరా?" అని ఒక్కప్రశ్న వేశాడు. ఆపనక్కరలేదన్నారు. "అయితే గదే చెయ్యిండ్రి."

రెండుగంటలు పట్టింది. మరునాడే ఇంటికి వచ్చాము, సంచీతో సహా. మూడువారాలు ఆ సంచీని పంచెలో దాచుకొని తిరిగాడు.

కోరుట్లలో మా బంధువొకడి సమస్య ఇంకొకరకం. దుబాయిలో ఇరవైరెండేళ్ళు చేసి వచ్చిన యాభైనాలుగేళ్ళవాడు. ఎండలో నీళ్ళు తాగక, పనిలో ఆపుకొని ఆపుకొని బాధపడినవాడు. బిళ్ళలు సరిపడలేదు. పెళ్ళయిన చాలాకాలానికి ఇప్పుడు సంతానంకోసం ప్రయత్నం చేస్తున్నాడు. తరిగినా, లేజరుతో ఒలిచినా దాంపత్య సామర్థ్యం సాధారణంగా పోదుగాని, చాలామందిలో వీర్యం బయటికి రాక వెనక్కు మళ్ళి మూత్రాశయంలోకి పోతుంది. ప్రాణానికి హాని లేదు. బిడ్డలు కావాలనుకొనేవాడికి మాత్రం అది పెద్దమాటే. అట్లాంటివారికి రెండు దారులున్నాయి. 2013లో అమెరికా అనుమతించిన యూరోలిఫ్ట్ అన్నది, తలుపు రెక్కలను తాళ్ళతో గుంజి కట్టినట్టు, గ్రంథి తమ్మెలను సన్నని లోహపు బిగింపులతో పక్కలకు లాగి పడుతుంది. 2015లో వచ్చిన రెజూమ్‌లో సూదితో తొమ్మిది సెకండ్ల చొప్పున నీటిఆవిరి వదులుతారు; ఆవిరి తగిలిన కణాలు చచ్చి, కొన్ని వారాల్లో శరీరంలో కలిసిపోతాయి. రెండూ సుమారు 30నుండి 80 గ్రాముల గ్రంథులకే నప్పుతాయి. లేజరంత కాలం నిలుస్తాయని చెప్పలేరు. సాధనాలు విదేశాలవి, ఖరీదెక్కువ, దొరికేది పెద్దనగరాల్లో కొద్దిచోట్ల. అతడు ఇంకా తేల్చుకోలేదు.

ఖర్చుమాట అడుగుతారు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరులో పదిలక్షలకు పెంచారు. ఏ పద్ధతి అందులో చేరుతుందో, ఏది చేరదో చేర్చుకోకముందే ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడగాలి. జగిత్యాలలో 2022లోనూ, సిరిసిల్లలో 2023లోనూ ప్రభుత్వ వైద్యకళాశాలలు వచ్చాయి. మూత్రపరీక్షకూ స్కానింగుకూ హైదరాబాదు పరుగెత్తనక్కరలేదు. ఆ కాగితాలు చేతపట్టుకొని వెళితే అక్కడ సగం పని తగ్గుతుంది.

మూడువారాలు గడిచాక మామకు గొట్టం తీసిన రోజున నేనూ వెంట ఉన్నాను. నీళ్ళు తాగించి కూర్చోబెట్టారు. గంటన్నర తరువాత మరుగుదొడ్డిలోకి పోయి ఎంతకూ రాడు. తలుపు తట్టాను. "జర ఆగు అల్లుడా, వస్తున్నది" అన్నాడు లోపలినుండి. సన్నగానే వచ్చిందట, కాని వచ్చింది. స్కానింగు తీసి, లోపల నిలువ తక్కువే ఉన్నదని పంపించారు. రెండునెలలు దాటాక రాత్రి లేవడం రెండుసార్లకు దిగింది.

ఆ తరువాత దసరాకు సిరిసిల్ల వెళ్ళాను. మామ అరుగుమీద కూర్చున్నాడు. పక్కింటి ఆసామి ఒకాయన వచ్చి, నూలు ధరలు మాట్లాడి, వానలు మాట్లాడి, లేచి నాలుగడుగులు వేసి మళ్ళీ వెనక్కు వచ్చాడు. నన్నొకసారి చూసి, మామ చెవిదగ్గరికి వంగాడు.

"అన్నా, నీకు గప్పుడు ఏమైందే? నాకు సుత రాత్రి నాలుగుసార్లు లేవవడ్తున్నది."

మామ జరిగి చోటిచ్చాడు. "గీడ కూసో. అల్లుడా, గా ఏడు ప్రశ్నల కాయితం ఏదిరా?"