ఉప్పుగాలిలో బ్రేకు తీగ

సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు పులికాట్ సరస్సును అడ్డంగా చీల్చుకుంటూ సాగుతుంది. వానలు కురిశాక దానికి రెండు ప్రక్కలా నీళ్ళు, ఫ్లెమింగో పక్షులు. ఎండలు ముదిరాక నీరు ఇంకినచోట తెల్లటి ఉప్పు పొర. ఈ ప్రాంతంలో గేరు సైకిలు తొక్కే పిల్లలనుంచి తరచుగా వినే ఫిర్యాదు, "బ్రేకు పట్టడంలేదు సార్!" అని. అంటూనే ఏదో ఒక మరను బిగించేస్తారు. కాని అసలు తీగ వదులైందా, లేక గొట్టంలో బిగుసుకుపోయిందా? ఈ రెంటికీ చికిత్స ఒకటి కాదు.

పాత నల్ల సైకిళ్ళకు బ్రేకు కడ్డీలుండేవి. గేరు సైకిలుకు ఉన్నది తీగ. 1896లో ఎర్నెస్ట్ బౌడెన్ అనే ఆయన బ్రిటన్‌లో పేటెంటు పొందిన అమరిక ఇదే. మీరు లీవరు నొక్కితే లోపలి తీగ లాగబడుతుంది, పైగొట్టం అంతే బలంతో నొక్కబడుతుంది. అందువల్ల దారి వంకరగా ఉన్నా మీ చేతి బలం చక్రందాకా చేరుతుంది. (డిస్కు బ్రేకుల సంగతి వేరు. ఇక్కడ చెప్పేది రిమ్మును రబ్బర్లతో పట్టే బ్రేకు గురించి.)

ముందుగా పరీక్ష. రెండు బ్రేకు చేతులనూ దగ్గరగా నొక్కి, పైనున్న వంపు గొట్టాన్ని కొక్కెం నుంచి తప్పించండి. చేతులు వాటంతటవే విచ్చుకోవాలి. ఇప్పుడు తీగను పట్టుకొని ముందుకూ వెనక్కూ ఆడించండి. జారుడుగా కదిలితే అది వట్టి వదులే. గరగర మంటూ ఆగి ఆగి కదిలితే లోపల తుప్పు పట్టిందన్నమాట.

వదులుకు కారణం చాలావరకు రబ్బర్ల అరుగుదలే. బ్రేకు చేయి ఒక లీవరు. దాని ఇరుసు క్రింద ఉంటుంది, రబ్బరు ఇరుసుకు దగ్గరగా, తీగ దూరంగా పైకొసన. ఈ దూరాల నిష్పత్తి 4 అనుకోండి. ఒక్కొక్క రబ్బరు 1 మి.మీ. అరిగితే, రెండు చేతులకూ కలిపి తీగ 8 మి.మీ. ఎక్కువ కదలాలి! కొద్దిపాటి అరుగుదలకే లీవరు హ్యాండిల్‌కు ఎందుకు తగులుతోందో తెలిసిందా?

లీవరు దగ్గర తీగ గొట్టంలోకి పోయేచోట ఒక గుండ్రటి మర ఉంటుంది. దాని లాకు చుట్టును వదులుచేసి, మరను బయటికి వచ్చేవైపు త్రిప్పండి. మనం తీగను పొట్టి చేయడంలేదు, గొట్టాన్ని పొడవు చేస్తున్నాం. ఫలితం ఒకటే. రబ్బరుకూ రిమ్ముకూ మధ్య 1 నుంచి 2 మి.మీ. ఖాళీ మిగలాలి. మర చివరిదాకా వచ్చేస్తే ఊడే ప్రమాదముంది. అప్పుడు దాన్ని లోపలికి త్రిప్పేసి, బ్రేకు చేతిమీది బోల్టును 5 మి.మీ. అలెన్ కీతో వదులుచేసి, తీగను కాస్త లాగి గట్టిగా బిగించాలి.

ఇక తుప్పు విషయం. తుప్పుకు నీరూ, ఆక్సిజనూ రెండూ కావాలి. ఉప్పు కరిగిన నీరు విద్యుత్తును బాగా ప్రసరింపజేస్తుంది గనుక ఆ రసాయన చర్య వేగంగా సాగుతుంది. తీగమీది జింకు పూత ముందు తాను కరిగిపోయి ఉక్కును కాపాడుతుంది. జింకు అయిపోయాక ఉక్కు వంతు. స్టెయిన్‌లెస్ తీగ మేలే, కాని క్లోరైడు దాన్నీ పూర్తిగా వదలదు.

తుప్పు తీగను బిగించడం చాలా ప్రమాదకరం. ఘర్షణ మీ బలాన్ని దారిలోనే తినేస్తుంది, లీవరు వెనక్కి రాదు. పైగా సన్నని పోగులు లీవరు దగ్గర, బాగా వంగేచోట, ఒక్కొక్కటే తెగుతూ వస్తాయి. చివరి పోగులు తెగేది మీరు అన్నిటికన్నా గట్టిగా నొక్కినప్పుడే. గంటకు 18 కి.మీ. వేగంతో పోయే సైకిలు ఒక్క సెకనులో 5 మీటర్లు పోతుంది. ఎదురుగా లారీ ఉంటే ఆ 5 మీటర్లు ఎంతో ఆలోచించండి. కాబట్టి పోగు తెగినా, తుప్పు కనిపించినా తీగనూ గొట్టాన్నీ కలిపి మార్చండి. గేరు తీగ గొట్టం మిగిలి ఉంది కదా అని బ్రేకుకు వేయకండి, అది ఈ ఒత్తిడికి నిలవదు.

క్రొత్త తీగకు రెండు చుక్కల నూనె చాలు. రిమ్ముకూ రబ్బర్లకూ మాత్రం అంటనీయరాదు. తప్పించిన వంపు గొట్టాన్ని తిరిగి కొక్కేనికి తగిలించారో లేదో చూసుకొని, సైకిలు ఎక్కకముందే లీవర్లను పదిసార్లు గట్టిగా నొక్కండి. తీగ, గొట్టం సర్దుకొని మళ్ళీ కాస్త వదులవుతాయి. అప్పుడు ఆ గుండ్రటి మరను అర చుట్టు త్రిప్పితే సరి.