మైనపు గోడ వెనుక క్షయక్రిమి

మా కళాశాల విద్యార్థులలో పెక్కురు బొగ్గు బాయి కార్మికుల బిడ్డలు. క్షయ యన్నది వీరిలో కొందరికి పుస్తకములోని మాట కాదు. ఇంటిలోనో, పొరుగింటిలోనో రాత్రివేళ విన్న దగ్గు. మందు మొదలిడిన రెండు నెలలకు దగ్గు తగ్గును, ఆకలి పుట్టును, ఒంటికి బరువు వచ్చును. ఇక నయమైనదని తలచి, మాత్రలను గూటిలో పెట్టి మరల షిఫ్టుకు పోవువారు కలరు. వైద్యులు ఆరు నెలలని ఏల పట్టుబట్టుదురో తెలుపుటకే మేమీ వ్యాసమునకు పూనుకొంటిమి. మేము బోధించునది తెలుగే. అయినను ఈ విషయమును సైన్సు విద్యార్థులకే వదలివేయుట మాకు సమ్మతము కాలేదు.

క్షయ యనగా తరుగుట. ఉర్దూలో దీనిని తపెదిఖ్ అందురు. మనిషిని కృశింపజేయు జ్వరమని భావము. రెండు భాషలును రోగిని చూచియే పేరు పెట్టినవి. రోగకారకమైన క్రిమిని కనుగొంటినని జర్మను వైద్యుడు రాబర్ట్ కాక్ 1882 మార్చి 24న బెర్లినులో ప్రకటించెను. ఆ క్రిమి రంగును సులభముగా పట్టదు. వేడిచేసి ఎర్రరంగు ఎక్కించినచో, పిమ్మట ఆమ్లముతో కడిగినను వదలదు. తెమడ పరీక్షలో దానిని గుర్తించు పాతపద్ధతి ఇదియే. ఈ మొండితనమంతయు దాని గోడలో నున్నది.

బాక్టీరియాలలో దాదాపు అన్నింటికిని కణకుడ్యము, అనగా గోడ, యుండును. అది పెప్టిడోగ్లైకాన్ అను పదార్థముతో అల్లిన వల వంటిది. పెన్సిలిన్ ఆ వలకు ముడులు పడకుండ అడ్డగించును. గోడ బలహీనపడి, లోపలి ఒత్తిడికి కణము పగిలిపోవును. క్షయక్రిమి విషయము వేరు. దాని వల మీద చక్కెరల పొర యొకటి, ఆ పైన మైకోలిక్ ఆమ్లములను పొడవైన కొవ్వు గొలుసులు, మైనము పూసినట్లు దట్టముగా పేర్చబడి యుండును. నీటిలో కరుగు మందులు ఈ పొరను దాటుట మిక్కిలి నెమ్మది. ఎట్లో దాటిన కొద్దిపాటి పెన్సిలిన్‌ను లోపలి ఎంజైము ఒకటి విరిచివేయును. ఎన్నో రోగములను లొంగదీసిన పెన్సిలిన్ క్షయ యెడల నిష్ఫలమగుటకు కారణమిది.

1952లో వాడుకకు వచ్చిన ఐసోనియాజిడ్ ఆ మైనమునే గురిపెట్టినది. చిత్రమేమనగా, ఈ మందు చేరునప్పటికి నిర్జీవము వంటిది. క్రిమిలోని ఎంజైమే దానిని మేల్కొల్పును; మేల్కొన్న మందు మైకోలిక్ ఆమ్లముల తయారీని ఆపును. జన్యుమార్పు వలన ఆ ఎంజైము చెడిపోయిన క్రిమికి ఈ మందు ఏమియు చేయలేదు. గోడ మందమగుట వలన గాక, శత్రువును నిద్రలేపకుండుట వలన అది బ్రతుకును! ఇథాంబ్యుటాల్ చక్కెరల పొరను దెబ్బతీయును. రిఫాంపిసిన్ గోడను దాటి, లోపల ఆర్.ఎన్.ఎ. తయారీని నిలుపును.

ఇక లెక్కకు వత్తము. ఐసోనియాజిడ్‌కు లొంగని క్రిమి సుమారు పది లక్షలలో ఒకటి, రిఫాంపిసిన్‌కు లొంగనిది సుమారు పది కోట్లలో ఒకటి సహజముగనే పుట్టును. ఊపిరితిత్తిలో ఏర్పడిన ఒక పుండు గుంటలో పది కోట్ల క్రిములుండవచ్చును. కనుక ఒక్క మందే వాడినచో లొంగనివి మిగిలి పెరుగును. 1948లో ప్రకటింపబడిన బ్రిటిషు స్ట్రెప్టోమైసిన్ పరిశోధనలో జరిగినది ఇదే. రోగులు మొదట కోలుకొనిరి, పెక్కురిలో మందుకు లొంగని క్రిములు తరువాత బయటపడెను. రెండింటికిని ఒకేసారి లొంగని క్రిమి పుట్టుట మాత్రము ఒకటి ప్రక్కన 14 సున్నలు పెట్టినంత క్రిములలో ఒక్కసారి. నాలుగు మందులు కలిపి ఇచ్చుట ఇందులకే.

మరి ఆరు నెలలేల? సాధారణ పేగు బాక్టీరియా అనుకూల స్థితిలో 20 నిమిషములకు రెండగును. క్షయక్రిమికి దాదాపు 20 గంటలు పట్టును. కొన్ని పెరుగుటయే మానివేసి, గోడ కట్టుట ఆపి నిద్రించును. గోడ కట్టని క్రిమిపై గోడను ఆపు మందు బలము తక్కువ. రెండు నెలలకు దగ్గు ఆపినవి చురుకైన క్రిముల చావులు. నిద్రించునవి ఇంకను లోపలనే యున్నవి. అప్పుడు మందు మానిన వానికి వ్యాధి తిరుగబెట్టవచ్చును. ఇష్టమొచ్చినప్పుడు ఒక మాత్ర, లేనప్పుడు మానుట మరింత ప్రమాదము. లొంగనివి పెరుగుటకు అదియే దారి. అట్టి క్రిమి దగ్గు ద్వారా ఇంటిలోని వారికి చేరినచో, వారికి మొదటినుండియే ఆ మందు పనిచేయదు.

పూర్వము స్తోమత గలవారు అనంతగిరి కొండలకో, మదనపల్లె చెంత ఆరోగ్యవరమునకో పోయి, మంచిగాలిలో విశ్రాంతి గొనెడివారు. 1956లో మద్రాసున మొదలైన పరిశోధన ఆ అభిప్రాయమును మార్చినది. ఇరుకిండ్లలో నుండి మందు తీసికొన్న పేదలు, శానిటోరియములోని వారికి దాదాపు సమానముగనే కోలుకొనిరి.

మన ప్రాంతమునకు మరొక చిక్కు కలదు. బాయిలో రాతి పైకప్పును తొలచునపుడు లేచు సిలికా ధూళి, ఊపిరితిత్తులలో క్రిమిని మ్రింగి చంపవలసిన రక్షక కణములనే దెబ్బతీయును. అట్టి ధూళి పీల్చినవారికి క్షయ సోకు ప్రమాదము హెచ్చు. కాబట్టి రెండు వారములు దాటిన దగ్గును ధూళి దగ్గని కొట్టివేయక తెమడ పరీక్ష చేయించవలెను. సి.బి.నాట్ అను యంత్రము క్రిమి ఉనికిని, రిఫాంపిసిన్‌కు అది లొంగునా లేదా యన్నదానిని సుమారు రెండు గంటలలో తెలుపును. ప్రభుత్వ వైద్యశాలలలో పరీక్షయు, మందులును ఉచితము.