కుండీలో పారిజాతం ఎందుకు డీలా పడుతుంది?

డాబా మీది పారిజాతం రెండు మూడేళ్లు విరగబూస్తుంది. ఆ తర్వాత ఆకులు చిన్నవవుతాయి. పొద్దున నీళ్లు పోసినా మధ్యాహ్నానికి వడలిపోతుంది. ఎరువు చాలలేదేమోనని చాలామంది ఇంకో గుప్పెడు వేస్తారు. అసలు చిక్కు వేళ్ల దగ్గరుంది.

నేలలో వేరు నీటిని వెతుక్కుంటూ పోతుంది. కుండీలో గోడ తగలగానే పక్కకు తిరిగి చుట్లు చుడుతుంది. ఏటేటా చుట్లు పెరిగి మట్టికి చోటు తగ్గుతుంది. మనం కలిపిన ఎరువు, కొబ్బరిపొట్టు చివికిపోయి మట్టి కుంగుతుంది. వేళ్లకు గాలి ఆడదు. అప్పుడు నీళ్లు ముద్దలోకి ఇంకకుండా, గోడ పక్క సందులోంచి జారి అడుగు రంధ్రంలోంచి కారిపోతాయి. కింద తడి చూసి చాలనుకుంటాం. అనుమానముంటే నీళ్లు పోసిన అరగంటకు మట్టి మధ్యలో పుల్ల గుచ్చి తీయండి. పొడిగా వస్తే సంగతి అదే.

పెద్ద కుండీలోకి మారిస్తే? కొన్నాళ్లు ఫరవాలేదు. కానీ మెలిపడ్డ వేళ్లు అదే మెలికలో లావెక్కుతాయి, పైగా డాబా ఎంత బరువని మోస్తుంది? అదే కుండీలో ఉంచి, రెండు మూడేళ్లకోసారి వేళ్లు కత్తిరించడమే మంచిదంటాను. వాషింగ్టన్‌లోని జాతీయ వృక్షోద్యానంలో 1625 నుంచి బోన్సాయ్‌గా పెరుగుతున్న తెల్ల పైన్ చెట్టు ఉంది.  బోన్సాయ్ చెట్లు తరతరాలు బతికేది ఇలా వేళ్లు కత్తిరించి మట్టి మార్చడం వల్లే.

మన దగ్గర ఈ పనికి తొలకరి తర్వాత, గాలిలో తేమ ఉన్న రోజులు అనువు. కుండీని పక్కకు వాల్చి, అంచు వెంట పాత కత్తి తిప్పి ముద్దను బయటికి తీయండి. అడుగున చాపలా అల్లుకున్న వేళ్లను నాలుగో వంతు దాకా రంపంతో కోసేయండి, చుట్టూ అంగుళం మేర చెక్కేయండి. నల్లగా మెత్తబడినవి పూర్తిగా తీసేయాలి. తెల్లటి సన్న వేళ్లను మాత్రం వీలైనన్ని కాపాడాలి. నీళ్లు తాగేవి అవే. వేళ్లు తగ్గాయి కనుక కొమ్మలూ కొంత తగ్గించాలి.

రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక్కో పాలు ముతక ఇసుక, చివికిన పశువుల ఎరువు కలిపి నింపండి. అడుగున గులకరాళ్ల పొర వద్దు. సన్నటి మట్టిలోని నీరు ముతక రాళ్లలోకి తేలిగ్గా దిగదు, పైనే ఆగి వేళ్లను కుళ్లబెడుతుంది. రంధ్రం మీద పెంకు ముక్క చాలు.

రెండు వారాలు నీడలో ఉంచండి. చిగురు వచ్చేదాకా మళ్లీ ఎరువు వేయొద్దు. ఆకు రాలితే కంగారుపడి నీళ్లు కుమ్మరించకండి, పుల్ల గుచ్చి చూశాకే పోయండి. ఆ ఏడు పూత కాస్త తగ్గవచ్చు.